విదేశీ వలసలో భద్రత: మలికిపురం నుంచి చూస్తే

వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ సముద్రం దాకా సాగిన రాజోలు దీవిలో మలికిపురం కోనసీమ జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రం. పశ్చిమ గోదావరి వైపు నుంచి చించినాడ వంతెన దిగి దిండి మీదుగా వచ్చేవారికి కొబ్బరితోటల మధ్య అక్కడక్కడా రెండంతస్తుల కొత్త ఇళ్లు కనబడతాయి. కింద గ్రానైటు, గోడలకు ముదురు రంగులు, పైన ఎప్పటికైనా మరో అంతస్తు వేద్దామని వదిలేసిన ఇనుప చువ్వలు. వాటికి ఊళ్లో ఇంటిపేర్లతో పనిలేదు. 'కువైటోళ్ల ఇల్లు', 'మస్కటోళ్ల ఇల్లు' అంటే చాలు. కట్టించిన ఇల్లాలు మాత్రం చాలాసార్లు ఆ ఇంట్లో ఉండదు. వేరే దేశంలో, వేరేవాళ్ల వంటగదిలో ఉంటుంది.

కోనసీమ జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో స్త్రీలు, అందులోనూ దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండటం ఈ వలసకున్న ప్రత్యేకత. తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి ఎక్కువగా మగవాళ్లు కట్టడం పనులకు, కంపెనీ పనులకు వెళ్లారు. కోనసీమ, కడప ప్రాంతాల ఆడవాళ్లు ఇంటిపనికి వెళ్లారు. ఈ తేడా చిన్నది కాదు. కంపెనీ కూలీ చుట్టూ పదిమంది తోటి కూలీలుంటారు, క్యాంపు ఉంటుంది, జీతం ఆగితే గేటు దగ్గర కూర్చోవచ్చు. ఇంటిపని మనిషికి ఇల్లే ఫ్యాక్టరీ, ఇల్లే హాస్టలు, కొన్నిచోట్ల ఇల్లే జైలు. 'ఏ దేశం భద్రం?' అన్న ప్రశ్నకు మలికిపురంలో జవాబు దేశం పేరుతో మొదలుకాదు. వీసా పేరుతో మొదలవుతుంది.

ర్యాంకుల సంగతి

దేశాల భద్రతను పోల్చేవారు తరచుగా చూపించేది ప్రపంచ శాంతి సూచీ. సిడ్నీ కేంద్రంగా పనిచేసే ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎకనామిక్స్ అండ్ పీస్ 2007 నుంచి దీన్ని ఏటా వెలువరిస్తోంది. యుద్ధాలు, హత్యలు, ఆయుధాలు, జైళ్లు, రాజకీయ అస్థిరత వంటివి లెక్కగట్టి 163 దేశాలకు వరుస కడుతుంది. 2008 నుంచి ఐస్‌లాండ్‌దే మొదటి స్థానం. 2024 జాబితాలో కువైట్ 25, ఖతార్ 29, ఒమన్ 37, భారత్ 116, అమెరికా 132, ఇజ్రాయెల్ 155. ఈ లెక్కన మలికిపురం నుంచి కువైట్ వెళ్లే మనిషి ప్రమాదం నుంచి భద్రతలోకి వెళ్తున్నట్టే.

వీధి వరకు అది అబద్ధం కాదు. రాత్రి పదకొండింటికి కువైట్ సిటీలో బస్సు దిగి నడిచి వెళ్లే నర్సుకు, దుబాయ్ మెట్రో ఎక్కే సేల్స్‌గర్ల్‌కు మన నగరాల్లో ఉండే భయం ఉండదని అక్కడివాళ్లే చెబుతారు. జేబుదొంగలు తక్కువ, తుపాకులు కనబడవు. అయితే సూచీ కొలిచేది వీధిని. ఇంటిపని వీసా మీద వెళ్లిన ఆడమనిషికి వీధి కనిపించేది వారానికి ఒక్కసారి, అదీ కనిపిస్తే.

రంగం నుంచి కువైట్ దాకా

గోదావరి డెల్టాకు విదేశీ వలస కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దిలో కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివారు 'కోరంగీలు' అన్నారు. రంగూన్‌ను మనవాళ్లు 'రంగం' అన్నారు. ఆ రోజుల్లో బంగాళాఖాతం చుట్టూ కూలి దొరికే సంపన్న రేవు అదే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. రాజీ కుదిరి పాతవాళ్లను తిరిగి పిలవగానే అల్లర్లు చెలరేగాయి. రోజుల తరబడి సాగిన దాడుల్లో ఎక్కువగా చచ్చిందీ దెబ్బతిన్నదీ తెలుగువారే. పన్నెండేళ్లకు జపాన్ సైన్యం వచ్చిపడింది. 1942లో లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి అస్సాం వైపు నడిచారు. దారిలో ఆకలికీ జ్వరాలకూ వేలమంది రాలిపోయారు.

గల్ఫ్ వలస 1970ల చమురు ధరలతో ఊపందుకుంది. దాని మీద మొదటి పెద్ద దెబ్బ 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగినప్పుడు పడింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఎయిరిండియా రెండు నెలల్లో దాదాపు 500 విమానాల్లో లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. తర్వాత 2015లో యెమెన్ నుంచి ఆపరేషన్ రాహత్, 2023లో సూడాన్ నుంచి ఆపరేషన్ కావేరి. యుద్ధం వస్తే మన ప్రభుత్వం విమానం పంపుతుంది, ఇది గట్టి నమ్మకమే. జీతం ఎగ్గొట్టిన ఇంటికి మాత్రం ఏ విమానమూ పోదు.

కువైట్: ఇరవయ్యో నంబరు వీసా

కువైట్ జనాభాలో సుమారు ఐదోవంతు భారతీయులే. అక్కడి నివాస చట్టంలో ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు 18వ అధికరణం కిందికి, ఇంటిపనివారు 20వ అధికరణం కిందికి వస్తారు. కువైట్ వెళ్లొచ్చినవారి మాటల్లో మొదటిది 'షూన్ వీసా', రెండోది 'ఖాదిమ్ వీసా'. రెండింటికీ పూచీదారు, అంటే కఫీల్, ఉండాల్సిందే. 20వ నంబరు మీద వచ్చినవాళ్లు కఫీల్ ఒప్పుకోకుండా ఇల్లు మారడం కష్టం, కంపెనీ పనిలోకి మారడం మరీ కష్టం. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా అలా మారడానికి ఒక తలుపు తెరిచి, మళ్లీ మూసేశారు.

చట్టం లేదని అనలేం. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదంది. వారానికో సెలవు, ఏడాదికి నెలరోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వమంది. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దాచుకోవద్దంది. 2016లో కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. కాగితం మీద గల్ఫ్‌లో ఇది అప్పటికి ముందడుగు. అమలు దగ్గరే చిక్కు. ఇంట్లోకి వెళ్లి తనిఖీ చేసే ఏర్పాటు చట్టంలో లేదు. దెబ్బలు తిని బయటికి పారిపోయిన మనిషి మీద, యజమాని 'పారిపోయింది' అని ఫిర్యాదు పెడితే ముందు ఆమే ముద్దాయి. అలా వీసా పోయి, దొరికిన పని చేసుకుంటూ తిరిగేవాళ్లను 'ఖల్లివల్లి' అంటారు. అరబ్బీలో ఆ మాటకు 'పోనీలే, వదిలెయ్' అని అర్థం. ఒక చట్టపరమైన స్థితికి ఇంత నిర్లక్ష్యమైన పేరు మరెక్కడా వినం.

ఇందులో డబ్బు నడిచే దారి తెలిస్తే దెబ్బల మూలం తెలుస్తుంది. మగవాడు వీసాకు తానే ఏజెంటుకు లక్షో రెండు లక్షలో ఇచ్చుకుంటాడు. ఇంటిపని స్త్రీ విషయంలో చాలావరకు తిరగబడుతుంది. అక్కడి ఇంటివాళ్లు 'మక్తబ్' అనే నియామక కార్యాలయానికి పెద్ద మొత్తం కడతారు. అందులో వాటా హైదరాబాద్ మీదుగా రాజోలు, మలికిపురం సబ్ ఏజెంటు దాకా వస్తుంది. 'ఒక్క పైసా పెట్టక్కర్లేదక్కా, చేతిఖర్చుకి ఎదురు మేమే ఇస్తాం ఆయ్' అని సబ్ ఏజెంటు అనగలిగేది అందుకే. ఆ సంగతి ఆమెకు విమానం దిగాక అర్థమవుతుంది. ఆరు నెలలకు 'నేను పోతాను' అంటే 'నిన్ను కొన్నాం, ఆ డబ్బు కట్టి పో' అంటుంది ఇంటి యజమానురాలు. కోనసీమ స్త్రీలు ఆమెను 'మామా' అనే పిలవాలి, ఆయన్ను 'బాబా' అని.

2014లో భారత ప్రభుత్వం ఇంటిపని స్త్రీని పిలిపించుకునే కువైటీ యజమాని 720 దినార్ల బ్యాంకు గ్యారంటీ పెట్టాలంది. ఆమె చిక్కుల్లో పడితే ఇంటికి పంపడానికి పనికొస్తుందని ఉద్దేశం. కువైట్ మండిపడింది, నియామకాలు పడిపోయాయి, 2017లో ఆ నిబంధన తీసేశారు. ఆంక్ష ఉన్నన్నాళ్లూ ఏజెంట్లు ఊరుకోలేదు. విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కడ నుంచి మరో దేశానికి తోలారు. రక్షణకని కట్టిన గోడ పొరుగు సందులోకి దారి చూపిందన్నమాట.

కంపెనీ వీసా మీద వెళ్లినవాళ్లకూ ప్రమాదం లేదనుకోకూడదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కూలీలు కిక్కిరిసి ఉన్న భవనం అంటుకుని సుమారు యాభైమంది చనిపోయారు. అందులో 45 మంది భారతీయులు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. 2014 నుంచి 2019 అక్టోబరు దాకా గల్ఫ్‌లో 33,988 మంది భారతీయ కార్మికులు చనిపోయారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఇందులో ఎండ ఎంత, అలసట ఎంత, ఆత్మహత్య ఎంత అన్నది మరణ ధ్రువపత్రంలో 'గుండె ఆగింది' అన్న ఒక్క వాక్యం వెనక దాగిపోతుంది.

మిగిలిన గల్ఫ్

ఖతార్ సంస్కరణల్లో ముందుంది. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల వల్ల లోకం కళ్లన్నీ అటే ఉండటం అందుకు కారణం కావచ్చు. 2017లో ఇంటిపనివారికి రోజుకు పదిగంటల పరిమితి పెట్టింది. 2020లో యజమాని అనుమతి లేకుండా దేశం విడిచే వీలు, ఉద్యోగం మారే వీలు ఇచ్చింది. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్లు, తిండీ వసతీ ఇవ్వకపోతే మరో 800 కనీస వేతనం. ఇది ఇంటిపనివారికీ వర్తిస్తుంది. కాగితం మీద చూస్తే కోనసీమ స్త్రీకి గల్ఫ్‌లో ఇదే మేలైన దేశం.

యుఏఈలో 2022 డిసెంబరు నుంచి కొత్త గృహ కార్మిక చట్టం నడుస్తోంది. రోజుకు పన్నెండు గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది వరసగా ఇవ్వాలి. కనీస వేతనం మాత్రం లేదు. అక్కడ అసలు ప్రమాదం విజిట్ వీసా. 'ముందు విజిట్ మీద వెళ్దువుగాని, నెల తిరక్కుండా వీసా మారుస్తారు' అన్న మాటతో బయలుదేరినవారిని దుబాయ్‌లో నాలుగు రోజులుంచి, రోడ్డు మార్గాన సరిహద్దు దాటించి ఒమన్‌లో అప్పగించిన ఉదంతాలు పంజాబ్ నుంచి ఆంధ్ర దాకా ఉన్నాయి. ఉద్యోగం మారాలంటే పాత యజమాని అనుమతిపత్రం (ఎన్‌ఓసీ) ఉండాలన్న నిబంధనను ఒమన్ 2021లో ఎత్తేసినా, 2023లో తెచ్చిన కార్మిక చట్టంలో ఇంటిపనివారిని చేర్చలేదు.

సౌదీ 2021 మార్చిలో మొదలుపెట్టిన సంస్కరణలూ ఇంటిపనివారిని, డ్రైవర్లను, పశువుల కాపరులను పక్కన పెట్టాయి. ఆ చివరి మాట ఎందుకు ముఖ్యమో 2024 జూలైలో కోనసీమ అంతా చూసింది. ఖతార్‌లో ఉద్యోగమని డబ్బు తీసుకున్న ఏజెంటు ఒక యువకుణ్ని సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర వదిలేశాడు. ఎండకు కమిలి, రక్తం కక్కుకుంటూ అతను ఫోన్‌లో తీసిన వీడియో రాష్ట్ర మంత్రి దాకా చేరాక ఇంటికొచ్చాడు. ఫోనుకు సిగ్నల్ లేని చోట ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంటిపనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒడంబడికను గల్ఫ్ దేశాలేవీ ఆమోదించలేదు. భారత్ కూడా ఆమోదించలేదు, ఇది మనం కాస్త తగ్గు స్వరంతో చెప్పుకోవాలి.

క్షిపణుల కింద మంచి జీతం

ఇజ్రాయెల్ సూచీలో 155. ముసలివాళ్లను చూసుకునే పనికి అక్కడికెళ్లిన తెలుగువారు చాలామందే ఉన్నారు. 2023 అక్టోబరు 7 దాడుల తర్వాత ఆపరేషన్ అజయ్ కింద విమానాలు నడిచాయి. కొందరు ఎక్కారు, ఎక్కువమంది ఎక్కలేదు. కారణం జీతం చీటీలో ఉంది. సంరక్షకులకూ దేశపు కనీస వేతనమే వర్తిస్తుంది, 2024 ఏప్రిల్‌లో అది నెలకు 5,880 షెకెళ్లు ఉండేది. మన డబ్బులో లక్షకు పైమాటే. కువైట్ కనీస జీతం దీనికి దరిదాపుల్లో లేదు. ఇజ్రాయెల్‌లోనూ లోపాలున్నాయి, ఓవర్‌టైం హక్కు వారికి కోర్టు ఇవ్వలేదు. కానీ సైరన్ మోగితే దాక్కోవడానికి షెల్టరుంది, యజమాని కొడితే వెళ్లడానికి కోర్టుంది. శాంతి సూచీలో కువైట్ కన్నా 130 మెట్లు కిందున్న దేశం ఇంటి తలుపు వెనక పైమెట్టున ఉండవచ్చు.

యుద్ధం ఇప్పుడు గల్ఫ్‌నూ తాకుతోంది. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం మీదికి వచ్చాయి. సెప్టెంబరులో ఇజ్రాయెల్ దోహా మీదే దాడి చేసింది. ఖతార్ 29వ ర్యాంకు అంతకు ముందు ఏడాదిది.

చదువుల దారి

కోనసీమలో తోటలున్న కుటుంబాల పిల్లలు వెళ్లేది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా. అమెరికాలో భయం తుపాకీ అని ఇక్కడి తల్లిదండ్రుల బెంగ. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో తెలుగు ఇంజినీరును జాతి ద్వేషంతో కాల్చి చంపిన దగ్గర్నుంచి అది తీరలేదు. కానీ లెక్కకు ఎక్కువమందిని ముంచింది కాగితాలే. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా ప్రభుత్వమే పన్నిన వల అని తేలి 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో తెలుగువారే ఎక్కువ.

బ్రిటన్ 2022లో సంరక్షకులకు వీసా తెరిచింది. స్పాన్సరు లైసెన్సు పోతే అరవై రోజుల్లో మరో స్పాన్సరును వెతుక్కోవాలన్నది షరతు. మోసాలు, దోపిడీ వల్ల 470కి పైగా సంస్థల లైసెన్సులు రద్దు చేసి, చివరికి 2025 జూలైలో బయటి దేశాల నుంచి ఆ నియామకాలే ఆపేసింది. కఫీల్ అన్న అరబ్బీ మాట, స్పాన్సర్ అన్న ఇంగ్లీషు మాట పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తుంది.

తూర్పు దిక్కు

సింగపూర్‌లో ఇంటిపనివారికి 2013 నుంచి వారపు సెలవు చట్టబద్ధం. 2023 నుంచి నెలకు ఒక సెలవునైనా డబ్బిచ్చి కూడా లాక్కోకూడదు. ఇరవై మూడేళ్లు నిండాలి, ఎనిమిదేళ్ల చదువుండాలి. ఆ చదువు లేని మలికిపురం స్త్రీకి ఆ భద్రత అందని పండే. కంబోడియా, మయన్మార్, లావోస్‌ల సంగతి వేరు. డేటా ఎంట్రీ ఉద్యోగమని పట్టుకెళ్లి సైబర్ మోసాలు చేయించే ముఠాల గుట్టు 2024 మేలో విశాఖపట్నం పోలీసులు లాగారు. ఆ నెలలోనే కంబోడియాలో వందలమంది భారతీయులు తిరగబడ్డారు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల నుంచి బయటపడిన 283 మందిని వాయుసేన విమానంలో తెచ్చారు. వీరిలో చాలామంది కంప్యూటరు వచ్చిన, పాస్‌పోర్టు మీద ఏ అడ్డూ లేని చదువుకున్న కుర్రాళ్లు.

మన కాగితం

పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టుకు 'ఈసీఆర్' ముద్ర ఉంటుంది. 1983 వలస చట్టం కింద ఆ ముద్ర ఉన్నవారు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఇంటిపనికైతే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఓంక్యాప్. పది పాసైతే ఈ చూపు తప్పుతుంది. పది చదివిన కూతురు చదవని తల్లి కన్నా తేలిగ్గా ఏజెంటు చేతికి చిక్కడం ఈ వ్యవస్థలోని విచిత్రం. లైసెన్సు లేని ఏజెంటుకు ఆ చట్టం విధించే గరిష్ఠ జరిమానా రెండు వేల రూపాయలు. ఒక్క వీసా మీద అతనికి మిగిలేదానిలో అది టీఖర్చు. కొత్త చట్టానికి 2025లో ముసాయిదా వచ్చింది.

ఫిలిప్పీన్స్ మరో దారి తొక్కింది. తమ పనిమనిషి శవం కువైట్‌లో ఓ ఫ్రీజరులో దొరికాక 2018 ఫిబ్రవరిలో మనుషుల్ని పంపడం ఆపేసింది. మేలో ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాకే మళ్లీ పంపింది. అందులో పనిమనిషి దగ్గర ఫోను ఉండాలన్న షరతు ఉంది. కువైట్‌తో మన ఒప్పందం 2021 జూన్‌లో కుదిరింది. చిన్న దేశమే అయినా ఫిలిప్పీన్స్ ముందు బేరమాడింది, మనం తర్వాత ఆడాం.

మలికిపురం నుంచి జనం వెళ్లడం ఆగదు. కొబ్బరి దింపు, ఒలుపు కూలితో పెళ్లిళ్లు కావు, ఇళ్లు లేవవు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరిచెట్లు ఉప్పునీటికి తలలు వాల్చేసి, ఉన్న తోటలు కూడా పోతున్నాయి. అందుకే బయలుదేరేవారికి ఒక్క మాట. ఏజెంటు ఫోన్‌లో పంపిన వీసా కాగితంలో 'వీసా రకం' అనే వరుస ఉంటుంది, అరబ్బీలో. అక్కడ రాసింది సందర్శనా, ఇంటిపనా, కంపెనీ పనా చదివించుకోండి. ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కి ఫోన్ చేసి అడగండి. రెండేళ్లకు 275 రూపాయలతో దొరికే పది లక్షల ప్రవాసీ బీమా కట్టండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం మూడింటి నకళ్లు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచి, ఆ తర్వాతే విమానం టికెట్ సంగతి చూడండి.